పరుగుల గుర్రానికి ఏ ఆయిల్?

కారు కొన్న రోజు హడావుడి అంతా ఇంతా కాదు. గుడికి తీసుకెళ్లి పూజ చేయిస్తారు. బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ గుర్తు వేయిస్తారు. కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. ఏ రంగు బాగుంటుంది, సీటు కవర్లు ఎలాంటివి వేయించాలి, మ్యూజిక్ సిస్టమ్ ఏది పెట్టించాలి... ఇంటిల్లిపాదీ కూర్చుని చర్చిస్తారు. అదే సర్వీసుకు వెళ్లినప్పుడు 'ఏ ఆయిల్ పొయ్యమంటారు?' అని మేస్త్రీ అడిగాడనుకోండి, చాలామంది తెల్లమొహం వేస్తారు. 'ఏదో ఒకటి, మంచిది పొయ్యి' అని ఫోన్‌లో పడిపోతారు.

నెమ్మదిగా నడిచే పాతకాలపు ఇంజిన్ అయితే ఆ 'ఏదో ఒకటి'తో సర్దుకుపోతుందేమో. కానీ చిన్న ఇంజిన్‌లోంచి పెద్ద శక్తిని పిండే టర్బో కార్లూ, నిమిషానికి ఎనిమిది వేల చుట్లు తిరిగే స్పోర్ట్స్ కార్లూ అలా కాదు. అవి పరుగుల గుర్రాలు. వాటికి దాణాలో తేడా వస్తే ముందు పరుగు తగ్గుతుంది. ఆనక ఏకంగా కాలే విరుగుతుంది. అప్పుడు ఇంజిన్ విప్పడానికయ్యే ఖర్చుతో ఇంకో చిన్న కారు కొనుక్కోవచ్చు!

ఇదేమన్నా పాలా?

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఏ షెడ్డు ముందు కాసేపు నిలబడినా ఇలాంటి సంభాషణ ఒకటి చెవినపడుతుంది.

"బాబాయ్, ఈసారి 10డబ్ల్యూ-60 పోద్దాం. రేసు కార్లకు అదే వాడతారంట."

"నీది రేసు కారా అబ్బాయ్?"

"టర్బో కదా! పైగా మన ఎండలకి చిక్కటి ఆయిల్ అయితేనే మంచిదంట."

"చిక్కగా ఉంటే మంచిదనుకోడానికి ఇదేమన్నా పాలా? ముందు కారుతో ఇచ్చిన పుస్తకం పట్రా."

మేస్త్రీ మాటలో వెటకారం ఉన్నా, విషయమంతా అందులోనే ఉంది. డబ్బా మీద కనిపించే ఆ అంకెలు ఆయిల్ ఎంత మంచిదో చెప్పే మార్కులు కావు. అవి చిక్కదనానికి గుర్తులు. అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజినీర్ల సంఘం ఎస్ఏఈ పెట్టిన కొలతలు. 'డబ్ల్యూ' అంటే వింటర్... చలికాలం. దానికి ముందున్న అంకె ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది. 10డబ్ల్యూ రకాన్ని మైనస్ 25 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూని మైనస్ 30 దగ్గర, 0డబ్ల్యూని మైనస్ 35 దగ్గర పరీక్షిస్తారు. అంకె తగ్గేకొద్దీ చలిలో ఆయిల్ త్వరగా పారుతుందన్నమాట.

రెండో అంకె వేడిలో చిక్కదనం. వంద డిగ్రీల దగ్గర 30 రకం ఆయిల్ చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు ఉండాలి. 40 రకమైతే 12.5 నుంచి 16.3 లోపు. అదే 60 రకానికి 21.9 నుంచి 26.1 లోపు. అంటే 30 కన్నా 60 రెట్టింపు చిక్కన. అంతేతప్ప రెట్టింపు మంచిదని కాదు!

మరి మన ఎండల సంగతేంటి? రెంటచింతలలో 46 డిగ్రీలు కాసినా, లంబసింగిలో మంచు కురిసినా బాగా వేడెక్కిన ఇంజిన్‌లో ఆయిల్ దాదాపు వంద డిగ్రీల దగ్గరే ఉంటుంది. గట్టిగా తొక్కితే ఇంకా పైకి పోతుంది. బయటి ఎండ కన్నా లోపలి వేడే దానికి పెద్ద పరీక్ష. అయినా వేడి ప్రాంతాలకు 40 రకం వాడుకోవచ్చని కొన్ని కంపెనీలు మాన్యువల్‌లో పట్టిక వేసి మరీ చెబుతాయి. అలా ఉంటే వాడుకోవచ్చు. లేనప్పుడు సొంత తెలివి పనికిరాదు.

వెంట్రుక కన్నా సన్నని సందులో...

ఇంజిన్‌లో క్రాంక్ షాఫ్టు బేరింగుల మీద తిరుగుతుంది. నిజానికి ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆ రెండూ ఒకదాన్నొకటి తాకకూడదు. మధ్యనున్న సందు మిల్లీమీటరులో వందోవంతుల లెక్క. తల వెంట్రుక కన్నా సన్నం. ఆ సందులోకి పంపు ఆయిల్‌ని నెడుతుంది. షాఫ్టు తిరిగే వేగానికి ఆయిల్ ఒక పొరలా ఏర్పడి దాన్ని పైకి తేలుస్తుంది. తడిసిన రోడ్డు మీద వేగంగా వెళ్లే టైరు నీటిపొర మీద తేలినట్టు. రోడ్డు మీద అది ప్రమాదం. ఇంజిన్‌లో అదే ప్రాణం.

ఆయిల్ మరీ పలచనైతే వేడిలో ఆ పొర తెగుతుంది. లోహం లోహాన్ని రాసుకుంటుంది. మరీ చిక్కనైతే ఆ సన్నటి సందులోంచి తగినంత పారదు. బేరింగును చల్లబరిచేది పారే ఆయిలే కాబట్టి అక్కడ వేడి పెరుగుతుంది. ఒత్తిడి ఎక్కువై పంపు దగ్గరి వాల్వు తెరుచుకుంటుంది, కొంత ఆయిల్ పని చేయకుండానే వెనక్కి వెళ్లిపోతుంది. పొద్దున్నే స్టార్టు చేయగానే టర్బోకి ఆయిల్ అందడం ఆలస్యమవుతుంది. ఇప్పటి ఇంజిన్లలో వాల్వుల సమయాన్ని మార్చే పరికరాలు కూడా ఆయిల్ ఒత్తిడితోనే కదులుతాయి. చిక్కదనం మారితే వాటి లెక్కా తప్పుతుంది.

రెండు గుర్రాలు... రెండు దాణాలు

ఇది అర్థం కావాలంటే రెండు పేరున్న కార్లను పక్కపక్కన నిలబెట్టి చూడాలి.

మొదటిది హోండా ఎస్2000. 1999లో వచ్చింది. రెండు లీటర్ల ఇంజిన్. టర్బో లేదు. అయినా నిమిషానికి 9,000 చుట్లు తిరుగుతుంది. జపాన్‌లో అమ్మిన కారుకు 250 హార్స్‌పవర్. అంత వేగంలో లోపలి పిస్టన్ సగటున సెకనుకు 25 మీటర్లు పరిగెడుతుంది.

రెండోది బీఎండబ్ల్యూ ఎం3. 2000లో వచ్చిన ఈ46 తరం కారు. 3.2 లీటర్ల ఇంజిన్, వరసగా ఆరు సిలిండర్లు, 343 హార్స్‌పవర్, 8,000 చుట్లు. పిస్టన్ వేగం సెకనుకు 24 మీటర్లు. ఇంచుమించు హోండాతో సమానం.

మరి వాటికి ఏ ఆయిల్? హోండా పుస్తకంలో రాసింది 10డబ్ల్యూ-30. బీఎండబ్ల్యూ చెప్పింది 10డబ్ల్యూ-60! రెండూ ఒకే తరగతి పరుగుల గుర్రాలు. కానీ ఒకదాని దాణా ఇంకోదానికి పడదు. బేరింగు సందులు ఎంత పెట్టారు, పంపు ఎంత ఆయిల్ తోస్తుంది, ఆయిల్ ఎంత వేడెక్కుతుంది, దాన్ని చల్లార్చే ఏర్పాటేంటి... ఇవన్నీ లెక్కగట్టి, ఫలానా ఆయిల్ అనుకునే ఇంజిన్‌ని తయారుచేస్తారు. ఇంజిన్ తయారయ్యాక ఆయిల్ వెతకరు. ఆయిల్ కూడా ఇంజిన్‌లో ఒక విడిభాగమే.

ఈ లెక్క ఎంత సున్నితమో ఎం3 కథే చెబుతుంది. 2001-03 మధ్య తయారైన ఆ కార్లలో కొన్నింటికి కనెక్టింగ్ రాడ్ బేరింగులు దెబ్బతిన్నాయి. కంపెనీ కార్లను వెనక్కి పిలిపించి బేరింగులు మార్చింది. ఆ కారు డ్యాష్‌బోర్డు మీద ఒక తమాషా ఏర్పాటు ఉంటుంది. చల్లటి ఇంజిన్‌ని స్టార్టు చేయగానే చుట్ల మీటరు పొడవునా చిన్న దీపాలు వెలుగుతాయి. ఆయిల్ వేడెక్కేకొద్దీ ఒక్కొక్కటే ఆరిపోతాయి. 'దీపం ఉన్నంతవరకూ అక్కడిదాకా తొక్కొద్దు' అని అర్థం. చిక్కటి ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు సందుల్లోకి సరిగా చేరదు మరి. 2014లో వచ్చిన టర్బో ఎం3కి అదే కంపెనీ 30 రకం ఆయిల్ చాలంది. ఇంజిన్ మారింది, దాణా మారింది. 'ఎం3 అంటే 60 రకమే' అని పాత పాఠం పట్టుకుని వేలాడితే నష్టపోయేది యజమానే.

ఆముదమే మహావృక్షం!

చెట్టు లేని ఊళ్లో ఆముదపు చెట్టే మహావృక్షమని సామెత. ఇంజిన్ల లోకంలో మాత్రం అది ఒకప్పుడు నిజంగానే మహావృక్షం. మొదటి ప్రపంచయుద్ధం నాటి రోటరీ విమాన ఇంజిన్లు ఆముదం మీదే తిరిగాయి. వాటిలో పెట్రోలూ ఆయిలూ ఒకేచోట కలుస్తాయి. మామూలు ఖనిజ తైలం పెట్రోలులో కరిగిపోయి పలచబడితే, ఆముదం అంత సులువుగా కరగదు. పైగా లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. ఇంజిన్ చిమ్మే ఆముదపు పొగ పీల్చి పైలట్ల కడుపులు పాడయ్యేవని కూడా చెబుతారు. చిన్నప్పుడు బామ్మ బలవంతంగా తాగించిన ఆముదం గుర్తున్నవాళ్లకి ఎందుకో వివరించక్కర్లేదు!

కాస్ట్రాల్ అన్న పేరు పుట్టిందీ ఆముదంలోంచే. ఇంగ్లిష్‌లో ఆముదాన్ని కాస్టర్ ఆయిల్ అంటారు కదా. 1909లో వేక్‌ఫీల్డ్ కంపెనీ తన తైలంలో ఆముదం కలిపి ఆ పేరు పెట్టింది. ప్రపంచంలో ఆముదాలు ఎక్కువ పండించేది మనదేశమే. గుజరాత్‌ది మొదటి స్థానం. మన పాలమూరు, నల్గొండ మెట్టచేలకూ ఇది పాత పంటే. రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంస్థలో ఇప్పటికీ ఆముదం మీద పరిశోధనలు జరుగుతున్నాయి.

ఆముదంతో చిక్కల్లా వేడికి బంకలా మారడం. అందుకే పరీక్షశాలల్లో కొత్త తైలాలు తయారయ్యాయి. జెట్ విమానాల్లో, కొన్ని రేసింగ్ ఆయిళ్లలో వాడే ఎస్టర్లు రసాయనపరంగా ఆముదానికి దూరపు చుట్టాలే.

సింథటిక్ అంటే...

ఆయిల్ డబ్బాలో ఎక్కువ భాగం మూలతైలం. మిగతాది కలిపే మందులు. మూలతైలాలను అయిదు గ్రూపులుగా విడదీశారు. మొదటి రెండూ ముడిచమురు శుద్ధిచేసి తీసినవి. మూడోది అదే ముడిచమురును అధిక పీడనంలో హైడ్రోజన్‌తో బాగా సంస్కరించినది. నాలుగోది పూర్తిగా రసాయనికంగా కట్టిన పీఏఓ. ఎస్టర్ల వంటి మిగతావన్నీ అయిదో గ్రూపు.

మూడో గ్రూపును సింథటిక్ అనొచ్చా లేదా? దీని మీద అమెరికాలో రెండు పెద్ద కంపెనీల మధ్య పెద్ద వివాదమే నడిచింది. అనొచ్చని 1999లో అక్కడి ప్రకటనల పరిశీలన విభాగం తేల్చింది. కాబట్టి డబ్బా మీద 'ఫుల్లీ సింథటిక్' అని పెద్దక్షరాల్లో ఉన్నంత మాత్రాన లోపల ఏ గ్రూపు తైలం ఉందో తెలియదు. అందులో కంగారుపడాల్సిందీ లేదు. మంచి మూడో గ్రూపు తైలంతో తయారైన ఎన్నో ఆయిళ్లు కార్ల కంపెనీల కఠిన పరీక్షలు నెగ్గాయి. చూడాల్సింది పరీక్ష నెగ్గిందా లేదా అన్నదే.

డబ్బా వెనక్కి తిప్పండి

అసలు విషయం డబ్బా ముందువైపు ఉండదు. అక్కడ రేసు కారు బొమ్మ ఉంటుంది. వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో మూడు రకాల వివరాలు కనిపిస్తాయి.

మొదటిది అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే ఏపీఐ గుర్తు. పెట్రోలు ఇంజిన్లకు 'ఎస్'తో మొదలవుతుంది. ఎస్ఎన్ 2010లో వచ్చింది. ఎస్‌పీ 2020లో, ఎస్‌క్యూ 2025లో వచ్చాయి. రెండో అక్షరం ముందుకు వెళ్లేకొద్దీ కొత్త ప్రమాణం. రెండోది యూరప్ కార్ల తయారీదారుల సంఘం ఏసీఈఏ ఇచ్చే ఏ3/బీ4, సీ3 లాంటి వర్గాలు. పొగగొట్టంలో ఫిల్టర్లున్న కార్లకు బూడిద తక్కువ వదిలే 'సీ' రకాలు పనికొస్తాయి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం... కారు కంపెనీ సొంత ఆమోదం. ఫోక్స్‌వ్యాగన్ 502 00, బీఎండబ్ల్యూ లాంగ్‌లైఫ్-04, మెర్సిడెస్ బెంజ్ 229.5, పోర్షె ఏ40... ఇలా ఉంటాయి. ఒకే 5డబ్ల్యూ-40 అంకె ఉన్న రెండు డబ్బాల్లో ఒకదానికి ఈ ఆమోదం ఉండొచ్చు, ఇంకోదానికి ఉండకపోవచ్చు. ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చదవాలి. 'అప్రూవ్డ్' అని ఉంటే కారు కంపెనీ పరీక్షించి ఒప్పుకుందని అర్థం. 'సూటబుల్ ఫర్', 'రికమెండెడ్' అని ఉంటే ఆయిల్ అమ్మేవాళ్లు తమంతట తాము చెప్పుకుంటున్నారని అర్థం. పెళ్లిచూపుల్లో అమ్మాయివాళ్లు ఒప్పుకోవడానికీ, అబ్బాయి తనకు తాను బాగున్నాననుకోవడానికీ ఉన్నంత తేడా!

ఫ్లైఓవర్ మీద పేలుడు

చిన్న టర్బో ఇంజిన్లకు ఒక కొత్తరకం జబ్బు ఉంది. అయిదో గేరులో, తక్కువ చుట్లలో ఉండగా ఫ్లైఓవర్ ఎక్కుతూ గేరు మార్చకుండా యాక్సిలరేటర్ బలంగా తొక్కారనుకోండి. సిలిండర్ గోడ మీది ఆయిల్ పెట్రోలుతో కలిసి చుక్కలుగా ఎగురుతుంది. స్పార్కు పడకముందే ఆ చుక్క అంటుకుంటే లోపలి పీడనం ఒక్కసారిగా పెరుగుతుంది. గట్టిగా తగిలితే పిస్టన్ రింగుల దగ్గర పగులుతుంది. దీన్నే 'లో స్పీడ్ ప్రీ ఇగ్నిషన్' అంటారు.

ఇంజిన్‌ను శుభ్రంగా ఉంచేందుకు ఆయిల్‌లో కలిపే క్యాల్షియం మందు ఎక్కువైతే ఈ బెడద పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. కొంత క్యాల్షియం తగ్గించి మెగ్నీషియం వాడితే తగ్గింది. 2018లో ఏపీఐ ఎస్ఎన్ ప్లస్ తెచ్చిందీ, 2020లో ఎస్‌పీలో ఆ పరీక్ష పెట్టిందీ ఇందుకే. కాబట్టి నేరుగా సిలిండర్‌లోకి పెట్రోలు చిమ్మే టర్బో కారుకు పాత ఎస్ఎన్ ఆయిల్ చవగ్గా వస్తుందని పోయించడం తెలివైన పని కాదు.

పాతకాలపు కార్లది వేరే లెక్క. కామ్ నేరుగా ట్యాపెట్ మీద రాసుకుంటూ తిరిగే పాత ఇంజిన్లకు జింకు, ఫాస్ఫరస్ ఎక్కువగా ఉన్న ఆయిల్ కావాలి. పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను ఫాస్ఫరస్ పాడుచేస్తుందని కొత్త పలచటి రకాల్లో దాన్ని తగ్గించారు. తాతగారి కారుకు కొత్త ఆయిలూ, మనవడి కారుకు పాత ఆయిలూ... రెండూ పొరపాటే.

ట్రాక్ మీదికి వెళ్తున్నారా?

కోయంబత్తూరు కారీ మోటార్ స్పీడ్‌వే మీదో, చెన్నై ట్రాక్ మీదో సొంత కారు తోలాలన్న సరదా కుర్రాళ్లలో పెరిగింది. అక్కడ ఆయిల్ మామూలు రోడ్డు మీద కన్నా చాలా ఎక్కువ వేడెక్కుతుంది. పది డిగ్రీలు పెరిగితే ఆయిల్ పాడయ్యే వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని ఇంజినీర్లు మోటుగా లెక్కేస్తారు. కొన్ని కంపెనీలు ట్రాక్ కోసం వేరే రకం చెబుతాయి. షెవర్లె కార్వెట్‌కు చాలాకాలం రోడ్డు మీద 5డబ్ల్యూ-30, ట్రాక్ మీద 15డబ్ల్యూ-50 వాడమన్నారు. అలా పుస్తకంలో ఉంటేనే మార్చాలి.

ఇంకో సంగతి. మలుపుల్లో ఆయిల్ ట్రేలో ఒకవైపుకు ఒరుగుతుంది. మట్టం తక్కువుంటే పంపు గాలి పీల్చుకుంటుంది. ఒక్క క్షణం చాలు, బేరింగు ఎండిపోవడానికి. పోర్షె 911 జీటీ3 లాంటి కార్లలో ఆయిల్‌ని వేరే ట్యాంకులో ఉంచేది అందుకే. అలాగని ఎక్కువ పోసినా కష్టమే. క్రాంక్ షాఫ్టు చిలికి మజ్జిగలా నురగ చేస్తుంది. నురగ బేరింగును కాపాడలేదు.

ఇవి గుర్తుంచుకుంటే చాలు

* వెయ్యి కిలోమీటర్లకోసారి మట్టం చూసుకోవాలి. వేగంగా నడిచే ఇంజిన్లు ఆయిల్ తాగుతాయి. వెయ్యి కిలోమీటర్లకు అరలీటరు దాకా మామూలేనని కొన్ని మాన్యువళ్లే చెబుతాయి.

* ఆయిల్ నల్లబడితే పాడైందని కాదు, మురికిని పట్టుకుంటోందని. పాలలా తెల్లగా మారితే నీళ్లు కలిశాయని. పెట్రోలు వాసన గట్టిగా వస్తున్నా మేస్త్రీకి చూపించాలి.

* రోజూ రెండు కిలోమీటర్లు తిరిగి ఆపేసే కారుకు, గంటలకొద్దీ ట్రాఫిక్‌లో ఆగే కారుకు, ట్రాక్ ఎక్కే కారుకు పుస్తకంలో చెప్పిన గడువు కన్నా ముందే ఆయిల్ మార్చాలి.

* స్టార్టు చేయగానే రెచ్చిపోవద్దు. హైవే మీద దౌడు తీయించాక వెంటనే ఆపేయొద్దు. నిమిషం సేపు ఊరకే తిరగనిస్తే టర్బోలోని ఆయిల్ మాడి బొగ్గు కాకుండా ఉంటుంది.

* 'కలిపితే ఇంజిన్ కొత్తదైపోతుంది' అంటూ అమ్మే సీసాల జోలికి పోవద్దు. కావాల్సిన మందులన్నీ ఆయిల్‌లోనే ఉన్నాయి.

* నమ్మకమైన చోటే కొనాలి. సీలు చూడాలి. బిల్లు దాచాలి. వారంటీ గొడవ వస్తే మాట్లాడేది అదే. ఖాళీ డబ్బాకు చిల్లు పొడిచి పారేయాలి. లేకపోతే నకిలీ ఆయిల్ నింపుకుని అదే డబ్బా మళ్లీ కొట్టుకు వస్తుంది.

* తీసిన ఆయిల్‌ని కాల్వలో పోయనివ్వొద్దు. దాన్ని సేకరించి శుద్ధిచేయించే బాధ్యతను 2024 ఏప్రిల్ 1 నుంచి తయారీదారుల మీద పెట్టింది ప్రభుత్వం. ముందు అది షెడ్డులో డ్రమ్ముకు చేరితేనే కదా!

ఇంతకీ ఆటోనగర్‌లో అబ్బాయి ఏం చేశాడు? డ్యాష్‌బోర్డు అర తెరిచాడు. పొల్యూషన్ సర్టిఫికెట్లూ, ఎండిపోయిన పూజ పూలూ, చాక్లెట్ కాగితాలూ తీశాక అట్టడుగున దొరికింది పుస్తకం. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. మేస్త్రీ కళ్లజోడు పెట్టుకుని పేజీలు తిప్పాడు. ఒకచోట వేలు ఆపి చూపించాడు. అందులో 60 లేదు. వెతుక్కుంటూ వచ్చిన అంకెలో సగమే ఉంది.

"అంటే నా బండి తక్కువదా బాబాయ్?"

"కాదు అబ్బాయ్. నీ బండికి ఏం కావాలో దానికి తెలుసు. తెలియంది మనకే!"